జనవరి బిల్లులో మూడో వంతు తరవాతి ఏడాదిది

సంపాదకుల వారికి నమస్కారం.

యూకేలో ఉద్యోగం చేసుకుంటూ ఒక ఇల్లు అద్దెకిచ్చిన మన తెలుగువాళ్లకు జనవరిలో వచ్చే సెల్ఫ్ అసెస్‌మెంట్ (ఏడాది ఆదాయాన్ని మనమే రిటర్న్‌లో చూపించే పద్ధతి) పన్ను బిల్లు గురించి మీ పత్రికలో వివరంగా రాయించమని అడగడానికి ఈ ఉత్తరం. వీసా నిబంధనలు మారితే మీరు వెంటనే వేస్తారు, మేమంతా చదువుతాం, దాచుకుంటాం. ఈ పన్ను సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. అందుకని వాట్సాప్‌లో ఎవరో ఏదో అంటే అదే నమ్ముతున్నారు.

నేను ఇక్కడ అకౌంట్స్ పని చేస్తాను. జనవరి రెండో సగం వచ్చిందంటే తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేస్తారు. "అక్కా, ఎనిమిది వందల పౌండ్లు కట్టాల్సి వస్తుందేమో అనుకున్నాను, దాదాపు నాలుగు వేలు చూపిస్తోంది, వాళ్లు ఏదో తప్పు లెక్క వేసినట్టున్నారు, ఒకసారి చూస్తారా" అని. చూస్తాను. చాలావరకు లెక్క సరిగ్గానే ఉంటుంది. ఆ మాట చెప్పినప్పుడు అవతల వైపు ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ డబ్బు కట్టడానికి మిగిలింది వారం పది రోజులే.

ఎనిమిది వందలు నాలుగు వేలు ఎలా అయిందో అంకెలతోనే చెబుతాను, లేకపోతే ఇది అర్థం కాదు. ఇంగ్లండ్‌లో ఒకాయన జీతం ఏడాదికి 48,000 పౌండ్లు అనుకోండి. పిల్లలు పుట్టాక పెద్ద ఇంట్లోకి మారి, పాత ఫ్లాట్ అద్దెకిచ్చారు. నెలకు 1,200 చొప్పున ఏడాదికి 14,400 అద్దె. ఏజెంట్ ఫీజు, ఇన్సూరెన్స్, సర్వీస్ చార్జీ, రిపేర్లు కలిపి 2,900 ఖర్చు. మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) వడ్డీ 7,500. అన్నీ పోగా 4,000 మిగిలింది, దాని మీద 20 శాతం అంటే 800, ఇదీ ఆయన మనసులో వేసుకున్న లెక్క. మామూలుగా ఆలోచించే ఎవరైనా ఇలాగే వేసుకుంటారు.

కానీ సొంత పేరు మీద అద్దెకిచ్చిన ఇంటి విషయంలో మార్ట్‌గేజ్ వడ్డీని ఇక్కడ ఖర్చుగా తీసెయ్యనివ్వరు. 2015లో జార్జ్ ఆస్బోర్న్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు తెచ్చిన మార్పు ఇది. 2017 ఏప్రిల్ నుంచి కొంచెం కొంచెంగా అమలు చేసి, 2020-21 నాటికి పూర్తి చేశారు. ఇప్పుడు వడ్డీని పక్కన పెట్టి లాభం లెక్కగట్టి, దాని మీద పన్ను వేసి, చివర్లో ఆ వడ్డీలో 20 శాతాన్ని పన్నులోంచి తగ్గిస్తారు. 20 శాతం శ్లాబులోనే ఉండిపోయేవాళ్లకు చివరికి పెద్ద తేడా రాదు. కష్టం ఎక్కడంటే, ఈ వడ్డీ తియ్యని లాభం జీతంతో కలిసి మనిషిని 40 శాతం శ్లాబులోకి తోసేస్తుంది.

పై ఉదాహరణే చూడండి. 14,400లోంచి 2,900 పోతే లాభం 11,500. జీతంతో కలిపితే 59,500. 40 శాతం రేటు 50,270 దగ్గర మొదలవుతుంది. కాబట్టి అద్దె లాభంలో మొదటి 2,270 మీద 20 శాతం, అంటే 454 పౌండ్లు. మిగతా 9,230 మీద 40 శాతం, అంటే 3,692. మొత్తం 4,146. ఇందులోంచి 7,500 వడ్డీకి 20 శాతం, 1,500 తీసేస్తే 2,646. ఆ ఏడాదికి అసలు పన్ను ఇదీ. 800 అనుకున్నది ఇక్కడే మూడు రెట్లు దాటింది. జీతం చూసుకుని "నేను 20 శాతంలోనే ఉన్నాను కదా" అని ధైర్యంగా ఉన్న మనిషికి, అద్దె వల్ల తాను 40 శాతంలోకి వెళ్లానని రిటర్న్ చివర లెక్క చూసేదాకా ఎవరూ చెప్పరు. స్కాట్లండ్‌లో ఉండేవాళ్లకు శ్లాబులు వేరు, అక్కడ ఇంకా ముందే పై రేటు తగులుతుంది.

ఇక రెండో దెబ్బ. బిల్లు 2,646 కాదు, 3,969 అని ఉంటుంది. దీన్నే అందరూ తప్పు అనుకుంటారు, కొందరు పెనాల్టీ అనుకుని భయపడతారు. రెండూ కాదు. దీన్ని పేమెంట్స్ ఆన్ అకౌంట్ అంటారు. సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో కట్టాల్సింది 1,000 పౌండ్లు దాటి, మొత్తం పన్నులో 80 శాతం కంటే తక్కువ జీతంలోనే కోత పడి ఉంటే, తరవాతి ఏడాదికి కూడా ఇంతే పన్ను వస్తుందని అనుకుని అందులో సగం జనవరి 31న, మిగతా సగం జులై 31న ముందుగానే కట్టమంటారు. మన ఉదాహరణలో జీతం మీద కోత పడింది 7,086, మొత్తం పన్ను 9,732, అంటే 73 శాతం కూడా లేదు. అందుకే 2,646కి తోడు అందులో సగం 1,323 కూడా ఒకే రోజు కట్టాలి. మళ్లీ జులైలో ఇంకో 1,323.

చేతికి మిగిలింది 4,000, జనవరిలో బిల్లు 3,969. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినవాళ్లకు కడుపులో తిప్పినట్టు అవుతుందంటే అందులో వింత లేదు. కానీ ఒక మాట వాళ్లకు ఆ క్షణంలోనే తెలియాలి. ఆ బిల్లులో మూడో వంతు పాత బాకీ కాదు, తరవాతి ఏడాది పన్నుకు అడ్వాన్సు. అది ఎక్కడికీ పోదు. అద్దె, జీతం అలాగే ఉంటే ఆ పై జనవరిలో పాత ఏడాదికి కట్టాల్సింది సున్నా అవుతుంది, ఆ తరవాతి ఏడాదికి అడ్వాన్సుగా 1,323 మాత్రమే అడుగుతారు. అంటే మొదటి ఏడాది ఒక్కసారే ఈ ఒకటిన్నర రెట్ల భారం. తరవాత ఏడాదికి రెండు సమాన వాయిదాలు. ఈ సంగతి తెలియక "ప్రతి జనవరికీ నాలుగు వేలు ఎక్కడ తెచ్చేది" అని ఫ్లాట్ అమ్మేద్దామని ఏజెంట్లకు ఫోన్లు చేసినవాళ్లున్నారు. అమ్మాలా వద్దా అనేది వాళ్లిష్టం, కానీ మొదటి ఏడాది బిల్లు చూసి ఆ నిర్ణయం తీసుకోకూడదు అని నా గట్టి అభిప్రాయం.

ఇంకొకటి, ఇది చాలామందికి నిజంగా పనికొచ్చేది. బాకీ 3,000 పౌండ్ల లోపు ఉండి, జీతంలో పన్ను కోత పడే ఉద్యోగం ఉండి, రిటర్న్ ఆన్‌లైన్‌లో డిసెంబరు 30 లోపు వేస్తే, ఆ బాకీని జనవరిలో ఒక్కసారిగా కట్టకుండా తరవాతి ఏప్రిల్ నుంచి జీతంలో నెలనెలా కొంచెం కొంచెంగా తీసుకోమని అడగవచ్చు. జీతంలో ఎంత పన్ను కొయ్యాలో చెప్పే టాక్స్ కోడ్ మార్చి వసూలు చేసుకుంటారు. మన ఉదాహరణలో 2,646 కదా, సరిగ్గా ఈ వీలు ఉన్న మనిషి! అదే మనిషి జనవరి 20న కూర్చుని రిటర్న్ వేస్తే ఈ దారి మూసుకుపోతుంది. 3,000 దాటితే కొంత ముందు కట్టేసి మిగతాది ఇలా తీసుకోమంటే కుదరదు. అందరూ జనవరి 31 అనే తేదీనే గుర్తుపెట్టుకుంటారు. ఉద్యోగం చేస్తూ అద్దె తీసుకునేవాళ్లకు డిసెంబరు 30 దానికంటే ముఖ్యమైన తేదీ అని నేను ఎంతమందికి చెప్పినా, అది విన్నవాళ్ల కంటే విననివాళ్లే ఎక్కువ.

నిజానికి పన్ను ఏడాది ఏప్రిల్ 5తో ముగిశాక రిటర్న్ ఎప్పుడైనా వెయ్యొచ్చు. మేలో వేసినంత మాత్రాన మేలో కట్టక్కర్లేదు, గడువు జనవరి 31నే. ఎంత కట్టాలో ఎనిమిది నెలల ముందు తెలిస్తే నెలకింత పక్కన పెట్టుకోవచ్చు. యూకే పన్ను శాఖ హెచ్ఎంఆర్‌సీ వాళ్లకే ముందుగా నెలకో వారానికో ఇంత అని కట్టే బడ్జెట్ పేమెంట్ ప్లాన్ కూడా ఉంది. ముందు వేస్తే డబ్బు ముందే పట్టుకుంటారని ఒక భయం మనవాళ్లలో ఉంది, దానికి ఆధారం ఏమీ లేదు.

అడ్వాన్సు తగ్గించమని అడగవచ్చా అని కూడా అడుగుతుంటారు. అడగవచ్చు, ఆన్‌లైన్‌లో గానీ ఎస్ఏ303 ఫారంతో గానీ. ఫ్లాట్ అమ్మేశారు, లేదా నాలుగు నెలలు ఖాళీగా ఉంది, లేదా పెద్ద రిపేరు పడింది, ఇలాంటి కారణం ఉండి తరవాతి ఏడాది పన్ను నిజంగానే తగ్గుతుందని తెలిస్తే తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ డబ్బు చేతిలో లేదు కదా అని సున్నా చేసేసి, చివరికి పన్ను మామూలుగానే వస్తే, తగ్గించిన మొత్తం మీద మొదటి తేదీ నుంచీ వడ్డీ పడుతుంది. ఆలస్యం మీద వడ్డీ 2025 ఏప్రిల్ నుంచి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ బేస్ రేటు మీద ఇంకో 4 శాతం. అది చిన్న మాట కాదు.

కట్టలేని పరిస్థితే ఉంటే చెయ్యకూడనిది ఒకటుంది, మౌనంగా ఊరుకోవడం. రిటర్న్ ఆలస్యమైతే పన్ను సున్నా అయినా 100 పౌండ్లు జరిమానా. మూడు నెలలు దాటితే రోజుకు 10 చొప్పున 90 రోజుల దాకా. కట్టడం ఆలస్యమైతే 30 రోజులకు 5 శాతం, ఆరు నెలలకు ఇంకో 5, ఏడాదికి ఇంకో 5. అదే రిటర్న్ వేసేసి, బాకీ 30,000 లోపు ఉంటే, గడువు దాటిన 60 రోజుల్లోపు ఆన్‌లైన్‌లోనే టైమ్ టు పే పెట్టుకుని నెలవారీ వాయిదాల్లో కట్టుకోవచ్చు. వడ్డీ పడుతుంది, కానీ 30 రోజులు దాటకముందే పెట్టుకుంటే ఆ 5 శాతం జరిమానాల గొడవ తప్పుతుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకు టాక్స్ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది. ఆ పేరు మన తెలుగు సంఘాల్లో ఎక్కువమందికి తెలియాలి.

బిల్లు పెరగడానికి ఇంకా కొన్ని కారణాలు చాటుగా ఉంటాయి. పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ తీసుకునే ఇంట్లో ఎవరి ఆదాయమైనా 60,000 దాటితే కొంత వెనక్కి కట్టాలి, 80,000 దగ్గర మొత్తం వెనక్కి పోతుంది. ఈ ఆదాయం లెక్కలో కూడా అద్దె లాభాన్ని మార్ట్‌గేజ్ వడ్డీ తియ్యకుండానే చూస్తారు, 55,000 జీతం ఉన్న మనిషి ఇలాగే ఆ గీత దాటుతాడు. ఇక్కడ చదువుకుని స్టూడెంట్ లోన్ ఉన్న మన పిల్లలకైతే, జీతం కాని ఆదాయం 2,000 దాటితే దాని మీదా లోన్ కోత పడుతుంది (అడ్వాన్సు లెక్కలోకి మాత్రం ఇది రాదు). మార్ట్‌గేజ్‌లో అసలు కట్టింది ఏ రకంగానూ ఖర్చు కాదు, వడ్డీకే ఆ 20 శాతం. పాడైన ఫ్రిజ్ స్థానంలో అలాంటిదే కొంటే ఖర్చు, లేని గది కొత్తగా కట్టిస్తే అది ఖర్చు కాదు. ఏజెంట్ తన ఫీజు పట్టుకుని బ్యాంకులో వేసిన మొత్తాన్నే అద్దె అనుకుని రాసేవాళ్లున్నారు, మొత్తం అద్దె రాసి ఫీజును ఖర్చులో చూపించాలి.

ఇక ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే మామూలుగా అద్దెను చెరి సగం చేస్తారు. "మా ఆవిడకు జీతం లేదు కదా, అంతా ఆమె పేరున చూపిస్తాను" అంటే కుదరదు. ఇంటిలో వాటాలు నిజంగానే సమానంగా లేవని కాగితం మీద రుజువు ఉండి, ఫారం 17 పంపితేనే ఆ వాటాల ప్రకారం లెక్క వేస్తారు. ఇంట్లో మాట అనుకుంటే సరిపోదు.

మీ పాఠకుల్లో చాలామందికి దగ్గరి విషయం ఇంకొకటి ఉంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఫ్లాట్ అద్దె. "అక్కడ టీడీఎస్ కట్ అవుతోంది, అక్కడ రిటర్న్ వేస్తున్నాం, ఇక్కడ చెప్పక్కర్లేదు" అని గట్టిగా నమ్ముతారు. యూకేలో పన్ను నివాసి అయితే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపించాలి. ఇండియాలో కట్టిన పన్నుకు రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఇక్కడ క్రెడిట్ ఇస్తారు, కాబట్టి ఒకే అద్దెకు రెండుసార్లు పూర్తి పన్ను పడదు, కానీ ఇక్కడి రేటు ఎక్కువైతే తేడా కట్టాలి. అక్కడ లెక్కలో ఇచ్చే 30 శాతం తగ్గింపు ఇక్కడ లేదు, నిజంగా పెట్టిన ఖర్చే చెల్లుతుంది. ఏడాది కూడా వేరు, అక్కడ మార్చి 31తో ముగుస్తుంది, ఇక్కడ ఏప్రిల్ 5తో. శాశ్వత నివాసం విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి ఆదాయాన్ని ఇక్కడికి తెస్తేనే పన్ను కట్టే పాత నాన్-డామ్ పద్ధతిని 2025 ఏప్రిల్ నుంచి తీసేశారు. అంతకుముందు పదేళ్లు యూకే నివాసి కాకుండా ఉండి కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద మినహాయింపు ఉంది, కానీ దాన్ని రిటర్న్‌లో అడిగి తీసుకోవాలి, అడిగిన ఏడాది పన్ను పడని 12,570 పౌండ్ల పర్సనల్ అలవెన్స్ వదులుకోవాలి. జీతం బాగా ఉన్నవాళ్లకు చిన్న అద్దె కోసం ఇది లాభమా నష్టమా అని లెక్క వేసుకోవాల్సిందే.

దీనికి తిరగేసిన పరిస్థితి కూడా ఉంది. ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చి ఇండియాకు వెళ్లిపోయినవాళ్లకు ఏజెంటే 20 శాతం పన్ను పట్టుకుని కట్టాలి, ముందుగా హెచ్ఎంఆర్‌సీ అనుమతి తెచ్చుకుంటే పట్టుకోరు. అనుమతి వచ్చిందంటే పన్ను లేదని కాదు, రిటర్న్ వెయ్యాల్సిందే. ఊరికి చేరాక ఈ సంగతే మరిచిపోతుంటారు.

అసలు ఇన్నేళ్లూ అద్దె చూపించనివాళ్లు కూడా ఉన్నారని నాకు తెలుసు, మీకూ తెలుసు. దొంగతనం చెయ్యాలని కాదు, తెలియక. అద్దె ఏడాదికి 1,000 పౌండ్ల లోపైతే చెప్పక్కర్లేదు గానీ, అది దాటి పన్ను పడే పరిస్థితి ఉంటే ఆ పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబరు 5 లోపు నమోదు చేసుకోవాలి. ఏళ్లు గడిచిపోయినవాళ్లకు లెట్ ప్రాపర్టీ క్యాంపెయిన్ అని ఒక దారి ఉంది. హెచ్ఎంఆర్‌సీ ఉత్తరం రాయకముందే మనంతట మనం చెప్పుకుంటే జరిమానా బాగా తక్కువ. భయపడి దాచడం కంటే ఇదే మేలని ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చెబుతారు.

ముందు ముందు ఇది ఇంకా మారుతోంది. అద్దె, సొంత వ్యాపారం కలిపి ఖర్చులు తియ్యని రాబడి 50,000 దాటినవాళ్లు 2026 ఏప్రిల్ నుంచి లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో పెట్టి మూడు నెలలకోసారి పంపాలి, 2027లో ఆ గీత 30,000కు, 2028లో 20,000కు దిగుతుంది. కట్టే తేదీలు మాత్రం అవే. 2025 నవంబరు బడ్జెట్‌లో అద్దె ఆదాయం మీద పన్ను రేట్లను 2027 ఏప్రిల్ నుంచి 22, 42, 47 శాతాలు చేస్తామని కూడా ప్రకటించారు. అంటే ఆ ఏడాది నుంచి పైన నేను వేసిన లెక్క ఇంకాస్త పెరుగుతుంది.

నాకు కోపం వచ్చేది ఒక్క విషయం మీద. ఈ అడ్వాన్సు పద్ధతి 1996-97లో సెల్ఫ్ అసెస్‌మెంట్ మొదలైనప్పటి నుంచీ ఉన్నదే. అయినా మొదటిసారి రిటర్న్ వేసే మనిషికి ఆ సంగతి లెక్క చివరి పేజీలో తప్ప ముందెక్కడా ఎదురుపడదు. మార్ట్‌గేజ్ ఇచ్చే బ్రోకర్ చెప్పడు, లెటింగ్ ఏజెంట్ చెప్పడు, అది వాళ్ల పని కాదంటారు. ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోలేక కాదు, మనవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే. ఇలాంటిది ఒకటి ఉందని తెలిస్తేనే కదా వెతుక్కునేది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఏటా సెప్టెంబరు చివర్లో మీ ప్రవాసుల పేజీలో అర పేజీ దీనికి ఇవ్వండి. ఒక ఉదాహరణ అంకెలతో వెయ్యండి, అక్టోబరు 5, డిసెంబరు 30, జనవరి 31, జులై 31 అనే నాలుగు తేదీలు పెద్ద అక్షరాల్లో వెయ్యండి. జనవరిలో వేస్తే ఉపయోగం సగం పోతుంది. రాయడానికి ఎవరూ దొరక్కపోతే లెక్కలు సరిచూసి పెట్టడానికి నేను సిద్ధం, నా ఈమెయిల్ ఈ ఉత్తరంతో మీకు విడిగా పంపాను, దాన్ని ప్రచురించవద్దు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, రెడింగ్, యూకే